బొగ్గుబెల్టు ఇళ్లలో ముందుజాగ్రత్త: నిల్వ ఎంత, భరోసా ఎవరిది?

సింగరేణి బొగ్గుబెల్టులోని గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, ఎన్టీపీసీ జ్యోతినగర్, సెంటినరీ కాలనీల్లో ఒక ఇల్లు సాఫీగా గడవాలంటే నల్లా నీళ్లు, కరెంటు, గ్యాస్, కిరాణం, నెల జీతం అనే ఐదూ తప్పకుండా అందుతుండాలి. వీటిలో ఒకటో రెండో ఆగినప్పుడు ఆ ఇల్లు ఎన్నాళ్లు తట్టుకోగలదు? అందుకు ముందే ఏం సర్దుకోవాలి? అందులో ఇంటి వంతు ఎంత, సర్కారు వంతు ఎంత, సింగరేణి కంపెనీ వంతు ఎంత? ఈ ప్రశ్నలపై ఏకాభిప్రాయం లేదు. 2020 లాక్‌డౌన్‌తో చర్చ ఇంటింటికీ చేరింది. 2022 గోదావరి వరద, 2024 డిసెంబరు భూకంపం దాన్ని ఇంకో వైపు తిప్పాయి. పల్లె అలవాట్లు, సర్కారు సూచనలు, విదేశీ జాబితాలు అన్నీ కలగలిసి ఇప్పుడు విషయం బాగా చిక్కుపడింది.

గుమ్మి పోయి ఖాతా వచ్చింది

గనులు రాకముందు ఈ ప్రాంతపు వ్యవసాయ కుటుంబాలకు నిల్వ అనేది ప్రత్యేకంగా తలచుకుని చేసే పని కాదు. పంట చేతికొచ్చాక వడ్లు, జొన్నలు, మక్కలు గుమ్ముల్లోకి, గరిసెల్లోకి, పాతర్లలోకి వెళ్లేవి. ఎండాకాలంలో మామిడి తొక్కు, చలికాలంలో చింతకాయ తొక్కు పెట్టేవారు. కూరగాయలను కోసి ఎండబెట్టి ఒరుగులు చేసేవారు. చింతపండు, ఎండుమిర్చి ఏడాదికి సరిపడా ఒకేసారి సర్దేవారు. కందిపప్పుకు ఆముదం పట్టించి, బియ్యంలో వేపాకు కలిపి పురుగు పట్టకుండా కాపాడుకునేవారు. కరువు వస్తే ఈ నిల్వ ఎన్నాళ్లు నిలిచేదన్నది ఆ ఇంటికి ఉన్న భూమిని బట్టి ఉండేది. భూమిలేని కూలీ ఇంట్లో గుమ్మి ఉండేది కాదన్న సంగతిని పాత రోజులను మెచ్చుకునేవారు తరచూ మరచిపోతారు.

1871లో ఇల్లెందు దగ్గర భూవిజ్ఞాన శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, 1945లో నిజాం ప్రభుత్వం అందులో మెజారిటీ వాటా కొన్నది. గోదావరి కుడి ఒడ్డున గోదావరిఖని గనులు 1960 దశకంలో విస్తరించాయి. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం, 1980లో ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం, 1983లో ఎన్టీపీసీ తొలి యూనిట్ వచ్చాయి. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచీ, కోస్తా నుంచీ, ఉత్తరాది నుంచీ బాయి (గని) పనికి వచ్చినవాళ్లు పొలాన్ని, గుమ్మిని ఊళ్లోనే వదిలి వచ్చారు.

ఇంటి ఆసరా చేతులు మారింది ఇక్కడే. కంపెనీ క్వార్టర్ ఇచ్చింది, దానికి నీళ్లు, కరెంటు ఇచ్చింది, వంటకు బొగ్గు ఇచ్చింది. తర్వాత బొగ్గు స్థానంలో గ్యాస్ సిలిండర్ల డబ్బు వేతన ఒప్పందంలో భాగమైంది. రెండు గదుల క్వార్టర్‌లో బస్తాలకు చోటు లేదు, నెల నెలా జీతం వస్తున్నప్పుడు అవసరమూ కనిపించలేదు. అంతకుముందు గుమ్మిలో ఉన్న భరోసా కిరాణం షావుకారి ఉద్దెర ఖాతాలోకి మారింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో తిండిగింజల భరోసాలో పెద్ద భాగం రేషన్ దుకాణానికి చేరింది. చింతపండు, మిర్చి, తొక్కులు ఏడాదికి పెట్టుకోవడం మాత్రం చాలా ఇళ్లలో ఇంకా నడుస్తోంది. పాత బియ్యం కోసం ఒకేసారి నాలుగైదు బస్తాలు కొనే ఇళ్లూ ఉన్నాయి.

పట్టణం చూసిన ఆపదలు

ఏ ఆపదకు ఏ జాగ్రత్త అన్నది తేల్చకుండా జాబితాలు రాయడం ఈ చర్చలో పెద్ద లోపం. గోదావరిఖని అనుభవంలో ఆపదలు మూడు తీర్లుగా వచ్చాయి.

మొదటిది, సరుకు ఉండి సంపాదన ఆగిపోవడం. సింగరేణిలో 1981 నాటి 56 రోజుల సమ్మెలోనూ, 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలోనూ అంగళ్లు సరుకుతోనే ఉన్నాయి. 2011లో సింగరేణి కార్మికులు దాదాపు 35 రోజులు గనుల్లోకి దిగలేదు. బొగ్గు అందక థర్మల్ కేంద్రాల ఉత్పత్తి పడిపోయి రాష్ట్రమంతా కరెంటు కోతలు పెరిగాయి. అటువంటి రోజుల్లో కార్మికుడి ఇంటిని నడిపేది షావుకారి ఉద్దెర, బంధువుల చేబదులు, ఊరి నుంచి వచ్చే బియ్యం. ఉద్దెర దొరకనివాళ్లకు గిరిగిరి వడ్డీయే దిక్కు. 2020 ఏప్రిల్‌లో భూగర్భ గనులకు లే ఆఫ్ ప్రకటించినప్పుడు ఇదే భయం మళ్లీ తలెత్తింది.

రెండోది, డబ్బు ఉండి సరుకు అందకపోవడం. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశవ్యాప్త లాక్‌డౌన్ దీనికి పెద్ద ఉదాహరణ. పొరుగున కరీంనగర్‌లో మార్చి మధ్యలోనే కొన్ని వీధులను కట్టడి చేశారు. రాష్ట్ర ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లలో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్ల ఆందోళన వార్తతో హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల బారులు కనిపించాయి. అదే ఏడాది నవంబరు 12 రాత్రి రాఘవాపూర్–రామగుండం మధ్య గూడ్స్ రైలు పట్టాలు తప్పి కాజీపేట–బల్లార్షా మార్గంలో పదుల రైళ్లు రద్దయ్యాయి. ఆ మార్గాన్ని త్వరగానే బాగుచేశారు. అయినా ఉత్తర దక్షిణాలను కలిపే ప్రధాన లైను ఒక్క రాత్రిలో మూతపడగలదన్నది తేలిపోయింది.

మూడోది, ఇల్లే భద్రం కాకపోవడం. 2022 జూలైలో కడెం, ఎల్లంపల్లి ప్రాజెక్టులకు ఎన్నడూ లేని వరద వచ్చింది. మంథని పట్టణం, మంచిర్యాలలోని పల్లపు కాలనీలు మునిగాయి, సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో ఉత్పత్తి ఆగింది. జూలై 16న దిగువన భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అదే పెద్ద వరద. 2024 డిసెంబరు 4 ఉదయం 7.27కు ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి గోదావరి లోయ పట్టణాల్లో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. మూతపడిన ఎఫ్‌సీఐ స్థానంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం ఫెర్టిలైజర్స్ కర్మాగారం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా తయారు చేయగలది. అలాంటిచోట లీకేజీ జరిగితే ఇంట్లో ఉన్న బియ్యం బస్తా ఎందుకూ పనికిరాదు. తలుపులు ఎప్పుడు మూసుకోవాలి, ఎప్పుడు బయటపడాలి, గాలి ఎటు వీస్తోంది అన్నవే అక్కడ ప్రాణం నిలబెడతాయి.

ఈ మూడింటికీ తోడు ఏటా వచ్చే ఎండ ఉంది. రామగుండంలో మే నెలలో ఉష్ణోగ్రత 47 డిగ్రీల దాకా వెళ్లిన రోజులున్నాయి. ఆ వేళ కరెంటు పోతే కూలర్‌తో పాటు మోటారూ ఆగుతుంది, అంటే నీళ్లూ ఆగుతాయి. వార్తల్లోకి రాకపోయినా ముసలివాళ్లున్న ఇంటికి ఇది వరదకు తీసిపోని ఆపద.

నాలుగు వాదాలు

మొదటి వాదం ప్రకారం నిల్వ ఇంటి పని కాదు, సర్కారు పని. ఎవరికి వారు పోగేసుకుంటే ధరలు పెరుగుతాయి, లేనివాళ్లకు అందదు అన్నది దీని సారం. 1955 నిత్యావసర సరుకుల చట్టం, భారత ఆహార సంస్థ గోదాములు, 2013 ఆహార భద్రత చట్టం ఈ ఆలోచన మీద నిలిచినవే. దీనికి బలమైన సాక్ష్యాలున్నాయి. 2023 జూలై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని భారత్ నిషేధించిన వెంటనే అమెరికాలో తెలుగువాళ్లు సోనామసూరి బస్తాల కోసం భారతీయ దుకాణాల్లో ఎగబడ్డారు. కొన్నిచోట్ల మనిషికి ఒక బస్తా అని పరిమితి పెట్టాల్సి వచ్చింది. నిషేధం తెచ్చిన కొరత కంటే ముందే తొందర తెచ్చిన కొరత వచ్చిపడింది. అయితే ఈ వాదం గోదాము నుంచి గడపదాకా ఉన్న దూరాన్ని తక్కువగా చూస్తుంది. వరద రోజున గోదాములో ఉన్న బియ్యం తెగిపోయిన రోడ్డు దాటి రాదు.

రెండో వాదం ఇంటి నిల్వను పౌర బాధ్యతగా చూస్తుంది. స్వీడన్ 2018లో, మళ్లీ 2024లో ప్రతి ఇంటికీ కరపత్రం పంపి, వారం రోజులు బయటి సాయం లేకుండా గడిపేలా సిద్ధపడమంది. జర్మనీ పది రోజుల నిల్వ సూచిస్తుంది. యూరోపియన్ యూనియన్ 2025 మార్చిలో ప్రకటించిన వ్యూహం కనీసం 72 గంటలంటోంది. సహాయ బృందాలు మొదటి మూడు రోజులు అందరి దగ్గరికీ చేరలేవు, కాబట్టి ఆ మేరకు ఇల్లు సొంతంగా నిలబడితే బృందాలు నిస్సహాయుల దగ్గరికి ముందు వెళ్లగలుగుతాయి. ఈ తర్కం కాదనలేనిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకాక కరెంటు, సెల్‌ఫోన్లు, ఏటీఎంలు ఒక్కసారే ఆగిపోయి, పాల ప్యాకెట్టు కోసం, పెట్రోలు కోసం జనం బారులు తీరిన రోజులు ఇందుకు తెలుగునేల మీది రుజువు. కానీ ఆ దేశాల జాబితాలు డబ్బా ఆహారం, నేలమాళిగ, కారు ఉన్న ఇంటిని ఊహించి రాసినవి. ఒంటి గది కిరాయి ఇంట్లో నలుగురున్న కుటుంబానికి అవి కొలత కాలేవు.

మూడో వాదం డబ్బును ముందు పెడుతుంది. సరుకు పాడవుతుంది, పైకం పాడవదు, చేతిలో రెండు మూడు నెలల ఖర్చు ఉంటే ఎలాంటి ఆపదనైనా దాటవచ్చు అంటుంది. బెంగాల్ కరువును పరిశీలించిన అమర్త్య సేన్ 1981లో చెప్పినది దీనికి దూరపు చుట్టం. తిండి లేక కాదు, తిండి కొనే శక్తి పోయి జనం చనిపోతారన్నది ఆయన విశ్లేషణ. సమ్మె, లే ఆఫ్ లాంటి ఆపదలకు ఇది సరిగ్గా సరిపోతుంది. అయితే డబ్బు ఏ రూపంలో ఉందన్నది కూడా లెక్కే. 2016 నవంబరు 8న పెద్ద నోట్ల రద్దుతో ఇంట్లో దాచిన నోట్లు చెల్లలేదు. ఇవాళ ఫోన్ చెల్లింపులకే అలవాటుపడిన ఇంటికి కరెంటు, సిగ్నల్ రెండూ పోయిన రోజున బ్యాంకులో లక్ష ఉన్నా కూరగాయలు కొనుక్కోవడం కష్టం.

నాలుగో వాదం ఇరుగుపొరుగును, సంఘాన్ని నమ్ముకుంటుంది. కార్మిక సంఘాలు, మహిళా సంఘాలు, గుడి, మసీదు, చర్చి కమిటీలు, కాలనీ కుర్రాళ్లు ఆపదలో ముందు చేరేది నిజమే. లాక్‌డౌన్‌లో బియ్యం, కూరగాయలు పంచినవాళ్లు చాలావరకు వీళ్లే. ఈ వాదానికి ఉన్న బలహీనత, సంఘం లోపల లేనివాళ్లను అది చూడలేకపోవడం. నిన్న మొన్న ఒడిశా నుంచో ఛత్తీస్‌గఢ్ నుంచో వచ్చి ఓపెన్‌కాస్టులో పైమట్టి తొలగించే ఓబీ కంపెనీ కింద పనిచేస్తున్న కుటుంబానికి ఇక్కడ ఉద్దెర పుట్టదు, పిలిచే కుల సంఘమూ ఉండదు.

గనిలో రెండో దారి

ఈ నాలుగు వాదాలూ ఎన్ని రోజుల నిల్వ, ఎవరి నిల్వ అన్నచోటే ఆగిపోతున్నాయి. బొగ్గు గని భద్రత మాత్రం వేరే ప్రశ్నతో మొదలవుతుంది. భూగర్భ గనికి బయటపడే దారులు కనీసం రెండు ఉండాలని బొగ్గు గనుల నిబంధనలు అంటాయి. లోపలికి దిగే ప్రతి కార్మికుడి నడుముకు విషవాయువు నుంచి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ ఉండాలి. అత్యవసర ప్రణాళిక ఉండాలి, దాన్ని అప్పుడప్పుడు నడిపి చూడాలి. ఈ నియమాల వెనుక ప్రాణాలున్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు.

ఇంటికి కూడా ఈ కొలత వర్తిస్తుంది. బొగ్గుబెల్టు కుటుంబానికి నీళ్లు వచ్చేది ఒకే పైపులో, వంట నడిచేది ఒకే సిలిండర్ మీద, జీతం వచ్చేది ఒకే కంపెనీ నుంచి. నిల్వ ఎంతన్నది తర్వాతి మాట. వీటిలో దేనికి రెండో దారి లేదో ముందు చూడాలి. ఈ వరసలో చూస్తే జాబితా మారిపోతుంది. చాలా ఇళ్లలో బియ్యం బలహీన స్థానం కానే కాదు.

నలుగురి ఇంటి లెక్క

తెల్ల కార్డున్న నలుగురి కుటుంబాన్ని తీసుకుంటే, మనిషికి 6 కిలోల చొప్పున నెలకు 24 కిలోల బియ్యం వస్తాయి. రోజుకు మనిషికి 350 గ్రాములు వండితే ఇంటికి రోజుకు 1.4 కిలోలు, అంటే ఆ బియ్యం 17 రోజులకు సరిపోతాయి. వారానికి కావలసింది పది కిలోలే. ఇంకోవైపు వారానికి పప్పు రెండు కిలోల పైన, నూనె దాదాపు కిలో పడుతుంది. రేషన్ దుకాణంలో బియ్యం తప్ప మిగతావి పెద్దగా దొరకవు కాబట్టి, అంగడి మూతపడితే ముందు కరువయ్యేవి ఇవే. అటుకులు, పేలాలు, పుట్నాలు, బెల్లం, తొక్కు పొయ్యి వెలిగించకుండా కడుపు నింపేవి. వంట లేని రెండు రోజులకు వీటికి మించిన సరుకు ఏ విదేశీ జాబితాలోనూ లేదు.

నీళ్ల లెక్క ఇంకా కఠినం. తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకుంటే నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు, వారానికి 112 లీటర్లు. కడుక్కోవడం, స్నానం, మరుగుదొడ్డి ఇందులో లేవు. నల్లా వచ్చిన గంటలోనే పట్టుకునే అలవాటున్న కాలనీల్లో డ్రమ్ములు ఎలాగూ ఉంటాయి. వాటితో వచ్చే చిక్కు డెంగీ. నిలవ నీళ్లలో దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో కొత్త దోమ పుడుతుంది. నీళ్లు నిల్వ పెట్టుకోమని ఒకరు, పారబోయమని ఇంకొకరు చెబుతున్నట్టు కనిపించినా రెండింటికీ పొసుగుతుంది. బిగుతు మూత, లేదా బట్ట కట్టి తాడు బిగించడం, వారానికోసారి డ్రమ్ము అడుగు రుద్ది కడగడం చేస్తే సరిపోతుంది. వరద రోజుల్లో నల్లా నీళ్లు మసకగా వస్తే గుడ్డలో వడగట్టి, తెర్లేదాకా కాచి తాగాలి. విరేచనాలు పట్టుకున్నవాళ్లకు లీటరు కాచిన నీళ్లలో ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చదునుగా కొలిచి కలిపి ఇస్తే ఓఆర్ఎస్ ప్యాకెట్టు దొరికేదాకా ఆసరా అవుతుంది.

పొయ్యి విషయంలో బొగ్గుబెల్టుకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. గ్యాస్ అయిపోయి, కరెంటు లేక ఇండక్షన్ పొయ్యి పనిచేయనప్పుడు చేతికి దొరికేది బొగ్గు కుంపటి. దాన్ని వాన వల్లనో చలి వల్లనో తలుపులు మూసిన గదిలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. రంగు, వాసన లేని ఆ వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గనిలో నిప్పంటుకున్నప్పుడు కార్మికుడిని సెల్ఫ్ రెస్క్యూయర్ కాపాడేది సరిగ్గా దీని నుంచే. బాయిలో పరికరం కట్టుకుని తప్పించుకునే గాలిని ఇంట్లో పిల్లల పక్కన పోగు చేయడం ఎంత మాత్రం తగదు. కుంపటి వాడక తప్పకపోతే వరండాలోనే వాడాలి. ఒకటే సిలిండరున్న ఇంటికి నిండు సిలిండర్ ఇంకొకటి ఉండడం అన్ని నిల్వల్లోకీ విలువైనది.

మందుల్లో బీపీ, షుగర్, గుండె జబ్బు గోళీలు అయిపోయే రోజుకు కాకుండా పది రోజుల ముందే తెచ్చుకోవడం చాలు. కంపెనీ ఏరియా ఆస్పత్రి నుంచి నెల మందులు తెచ్చుకునే కార్మికులకు, రిటైర్డ్ కార్మికులకు ఇది తేలికే. ఇన్సులిన్ వాడే ఇంట్లో కరెంటు పోతే, సీసాను నీళ్లు తగలని చిన్న డబ్బాలో పెట్టి మట్టికుండలో ఉంచితే ఎండవేడి నుంచి కొంత కాపాడవచ్చు. ఆధార్, పట్టా, బ్యాంకు పాసుబుక్కు, ఆస్పత్రి కార్డు ఒకే ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. ఆ సంచిలోనే కొంత చిల్లర నగదు, టార్చి, చార్జింగ్ ఉన్న పవర్ బ్యాంకు, కాగితం మీద రాసిన పది ఫోన్ నంబర్లు ఉండాలి. ఇల్లు వదలాల్సిన ఆపదకు ఈ ఒక్క సంచే సన్నద్ధత, మిగిలిన నిల్వ అంతా అక్కడే వదిలేయాల్సినదే.

పక్కపక్కన పెట్టి చూస్తే

సమ్మెకు, లే ఆఫ్‌కు డబ్బు వాదం, ఇరుగుపొరుగు వాదం పనిచేస్తాయి, వారం రోజుల సరుకు పెద్దగా ఆదుకోదు. 56 రోజుల సమ్మెకు ఏ డబ్బా సరిపోదు. లాక్‌డౌన్‌కు, రైలు రోడ్డు తెగిన రోజులకు ఇంటి నిల్వ, సర్కారు రేషన్ రెండూ పనిచేశాయి. మొదటి వారం ఇంటి నిల్వ, ఆ తర్వాత రేషన్ అన్న వరసలో అవి ఒకదానికొకటి తోడయ్యాయి. ఇల్లు వదలాల్సిన వరదకు, అమ్మోనియా లీకేజీకి, భూకంపానికి నిల్వ అసలే పనికిరాదు, సమాచారం, దారి, సంచి కావాలి. ఎండకు నీళ్లు, నీడ, పక్కింటి ముసలమ్మను రోజుకు రెండుసార్లు పలకరించే మనిషి కావాలి. ఒకే వాదాన్ని అన్నిటికీ అన్వయించినవాళ్లే ఎక్కువగా తప్పుదారి పట్టారు. ఆ వాదాలను పుట్టించిన ఆపదలు వేరువేరని గుర్తిస్తే సగం తగవు తీరుతుంది.

తేలని ప్రశ్నలు

నిల్వకు, దాచివేతకు మధ్య గీత ఎక్కడన్నది మొదటిది. కొరత లేని రోజుల్లో నెలకు కిలో పప్పు చొప్పున పెంచుకుంటూ పోతే అంగడి మీద భారం పడదు. వదంతి వచ్చిన సాయంత్రం పది కిలోలు కొంటే పడుతుంది. కొనే సమయమే రెంటినీ వేరు చేస్తుందన్నది సబబైన మాటే. కానీ రోజు కూలీకి నెలకు కిలో అదనంగా కొనే వీలే లేనప్పుడు ఈ సలహా ఎవరికన్నది మిగిలిపోతుంది.

రెండోది చోటు. 2025 జూన్‌లో వానాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని జూన్, జూలై, ఆగస్టు నెలల రేషన్ ఒకేసారి ఇచ్చారు. నలుగురి కుటుంబానికి అది 72 కిలోలు. వరద ప్రాంతానికి ఇది మంచి ఆలోచనే, సర్కారు నిల్వ నేరుగా ఇంటి నిల్వగా మారింది. అదే సమయంలో చెమ్మ పట్టే గోడల మధ్య, ఎలుకలున్న గదిలో మూడు నెలలు బియ్యం కాపాడుకోవడం ఒంటి గది కుటుంబాలకు భారమైంది. మూత బిగిసే రేకు డబ్బానో ప్లాస్టిక్ డ్రమ్మునో కూడా బియ్యంతో పాటు ఇవ్వాలా అన్నది ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న. అడగాల్సిన ప్రశ్న కూడా.

మూడోది సమాచారం. ప్రమాదకర కర్మాగారం చుట్టుపక్కల జనానికి ప్రమాదం గురించీ, తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించీ ముందే చెప్పాలని భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో కర్మాగారాల చట్టానికి సవరణ వచ్చింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా బాధ్యతను కలెక్టర్ నాయకత్వంలోని ప్రాధికార సంస్థకు ఇచ్చింది. చట్టాలు ఉన్నాయి. సైరన్ ఎన్నిసార్లు మోగితే దేనికి సంకేతమో, గాలి పడమర నుంచి వీస్తుంటే ఏ వీధి ఎటు నడవాలో ప్రతి గడపకూ చేరేలా చెప్పే బాధ్యత కర్మాగారానిదా, నగర పాలక సంస్థదా, జిల్లాదా అన్నచోట పట్టు జారుతోంది. గనిలో మాక్ డ్రిల్ తప్పనిసరి అయినప్పుడు కాలనీలో ఎందుకు కాకూడదన్న వాదనకు ఇంతవరకు సరైన అభ్యంతరం ఎవరూ చెప్పలేదు.

నాలుగోది అన్నిటికంటే బరువైనది. 2024 దసరాకు సింగరేణి లాభాల్లో 33 శాతం వాటా ప్రకటించినప్పుడు దాదాపు 42 వేల మంది పర్మినెంట్ కార్మికులకు సగటున 1.90 లక్షల రూపాయలు వచ్చాయి. దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా 5 వేల చొప్పున ఇచ్చారు. ఒకే ఓపెన్‌కాస్టు దుమ్ములో పనిచేసే ఈ ఇద్దరి ఇళ్లకు ఆపద ఒక్కటే, తట్టుకునే శక్తి మాత్రం ఒక్కటి కాదు. పర్మినెంట్ ఇంటికి క్వార్టర్, కంపెనీ నీళ్లు, ఆస్పత్రి, గ్యాస్ డబ్బు ఉన్నాయి. కాంట్రాక్టు ఇంటికి చాలావరకు కిరాయి గది, బయట పట్టుకొచ్చే నీళ్లు, మస్టర్ పడితేనే కూలి. పర్మినెంట్ ఇళ్లు తగ్గుతూ, కాంట్రాక్టు ఇళ్లు పెరుగుతున్నకొద్దీ కంపెనీ మోసిన పాత భరోసా కింద ఉండే కుటుంబాలు తగ్గిపోతున్నాయి. కాంట్రాక్టు ఒప్పందాల్లోనే వాన వల్ల పని ఆగిన రోజులకు కొంత వేతనం రాయాలన్నది ఒక ప్రతిపాదన. ఆపద వేళల్లో కాలనీ నల్లాలను, ఏరియా ఆస్పత్రిని కాలనీ బయటివాళ్లకూ తెరవాలన్నది ఇంకొకటి. మూడు రోజుల సరుకుల సంచిని కాంట్రాక్టు కుటుంబాలకు వానాకాలం ముందు కంపెనీయే ఇవ్వాలన్నది మరొకటి. మొదటిదానికి ఒప్పంద సవరణ, రెండోదానికి ఒక ఆదేశం, మూడోదానికి కొంత ఖర్చు అవసరం. వీటిలో అన్నిటికంటే తేలికైనది రెండోదే, వచ్చే వరదకు ముందు చేయగలిగినదీ అదే.